నల్ల అక్షరాలు బెల్లం రంగుకి ఎందుకు తిరుగుతాయి? సబ్లిమేషన్ ఇంకుల్లో దేన్ని నమ్మాలి?

వినాయక చవితి ఇంకో నెల ఉందనగానే మాలాంటి చిన్న ప్రింటింగ్ షాపులకు ఉత్సవ కమిటీల టీషర్టుల పని మొదలవుతుంది. రెండేళ్ళ క్రితం అలాంటి నలభై టీషర్టుల ఆర్డరు సగంలో ఉండగా నల్ల ఇంకు అయిపోయింది. ఎప్పుడూ తెచ్చే డీలర్ దగ్గర స్టాక్ లేదు, అదే కంపెనీ సీసా ఇంకోచోట దొరికింది, తెచ్చి పోశాను. మొదటి ఇరవై టీషర్టుల మీద అక్షరాలు కాటుకలా వచ్చాయి. తర్వాతి ఇరవై మీద అవే అక్షరాలు పాత బెల్లం రంగులో వచ్చాయి. కమిటీ కుర్రాడు రెండు టీషర్టులు పక్కపక్కన పెట్టి చూసి, "అన్నా, ఇవి రెండు వీధులవా?" అన్నాడు.

కాగితం మీద తీసిన ప్రింటును వేడితో బట్ట మీదికో మగ్గు మీదికో ఎక్కించే పని మాది, దాన్నే సబ్లిమేషన్ ప్రింటింగ్ అంటారు. అప్పటి నుంచి ఎవరైనా "సబ్లిమేషన్‌కి ఏ ఇంకు మంచిది, ఒక్క పేరు చెప్పు" అంటే నాకు నోరు రాదు. నన్ను ఆ రోజు ముంచింది అప్పటిదాకా బాగా నడిచిన ఇంకే. మొదటి సీసా ఎలా పనిచేసిందో ఆరో సీసా కూడా అలాగే పనిచేస్తే దాన్ని నమ్మదగిన ఇంకు అంటాను, పేరు తర్వాతి సంగతి. అది ఎందుకంత కష్టమో తెలియాలంటే ఆ సీసాలో ఏముందో కొంచెం చూడాలి.

కర్పూరం, కలరా ఉండలు, మగ్గు మీద ఫోటో

కర్పూరం బిళ్ళను పళ్ళెంలో వదిలేస్తే కొన్నాళ్ళకు మాయమైపోతుంది, పళ్ళెం మాత్రం తడవదు. బీరువాలో చీరల మధ్య వేసిన కలరా ఉండలూ అంతే. గట్టి పదార్థం కరిగి నీరు కాకుండా నేరుగా ఆవిరైపోవడాన్ని బడిలో ఉత్పతనం అని చదువుకున్నాం కదా, సబ్లిమేషన్ అంటే అదే.

ఈ ఇంకులో ఉండే రంగుల్ని డిస్పర్స్ డైలు అంటారు. 1920లలో అసిటేట్ బట్టకు రంగు వేయడం కోసం పుట్టిన జాతి ఇది, తర్వాత పాలిస్టర్‌కి అదే దిక్కైంది. ముందు కాగితం మీద అద్దంలో బొమ్మలా తిప్పి ప్రింట్ తీస్తాం, దాన్ని బట్ట మీద పెట్టి హీట్ ప్రెస్‌లో దాదాపు 180 నుంచి 210 డిగ్రీల మధ్య అదుముతాం. ఆ వేడికి రంగు ఆవిరవుతుంది, అదే వేడికి పాలిస్టర్ దారంలోని అణువుల మధ్య సందులు వదులవుతాయి, ఆవిరి ఆ సందుల్లోకి దూరుతుంది. చల్లారితే సందులు బిగుసుకుంటాయి, రంగు లోపల చిక్కుకుపోతుంది. అందుకే సబ్లిమేషన్ ప్రింటు మీద చెయ్యి రాస్తే ఏమీ తగలదు, పొరలా లేచి రాదు.

కాటన్‌లో ఈ రంగుకి పట్టు దొరకదు. ప్రెస్ తీయగానే బాగానే కనిపిస్తుంది, రెండు ఉతుకులకు పోతుంది. పింగాణీ మగ్గుకి పైన పాలిస్టర్ లాంటి పూత ఉంటేనే బొమ్మ ఎక్కుతుంది, ఇంట్లో టీ తాగే మగ్గు తెచ్చి "దీని మీద వెయ్యి అన్నా" అంటే అందుకే కుదరదు. ఇంకో సంగతి, ఈ ఇంకుల్లో తెలుపు లేదు. బట్ట తెల్లదనమే తెలుపు. నల్ల బట్ట మీద ఈ రంగులు కనిపించవు, అయినా నల్ల టీషర్టు మీద సబ్లిమేషన్ చేయమని అడిగేవాళ్ళు ప్రతి వారం వస్తారు.

చూడ్డానికి ఒకేలా ఉన్న నాలుగు ఇంకులు

మామూలు డై ఇంకు అంటే రంగు నీళ్ళలో పూర్తిగా కరిగి ఉంటుంది, ఫోటోలకీ బిల్లులకీ వాడేది. పిగ్మెంట్ ఇంకులో రంగు పొడి రేణువులుగా ఉండి కాగితం పైనే నిలుస్తుంది. డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిలిం) ఇంకు కూడా పిగ్మెంటే, ఫిలిం మీద ప్రింట్ చేసి జిగురు పొడి చల్లి బట్టకు అంటిస్తారు, అది కాటన్ మీద, నల్ల బట్ట మీద కూడా నిలుస్తుంది. సబ్లిమేషన్ ఇంకు ఈ మూడింటికీ వేరు. సీసాలు ఒకే సైజు, మూతలు అవే రంగులు, ధరలూ దగ్గర దగ్గరే కాబట్టి కొత్తగా షాపు పెట్టినవాళ్ళు మామూలు డై ఇంకు పోసి మగ్గు ప్రెస్ చేసి, కుళాయి కింద పెట్టగానే పెళ్ళికొడుకు ముఖం కడుక్కుపోవడం చూసి తలపట్టుకుంటారు. అది ఇంకు నాణ్యత గొడవ కాదు, ఇంకు రకమే వేరు.

సీసాలో ఉన్నది చారు

నీళ్ళలో ఉప్పు వేసి వారం తర్వాత చూసినా పైన ఎంత ఉప్పదనమో అడుగునా అంతే. చారు అలా కాదు, గంట వదిలేస్తే పైన తేట, కింద మడ్డి. డిస్పర్స్ డై నీళ్ళలో కరగదు. దాన్ని ఒక మైక్రాన్‌లో చిన్న వంతుకి, అంటే దాదాపు 0.2 మైక్రాన్ల సైజుకి నూరి, రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చెదరగొట్టి ఉంచే రసాయనాలు కలిపి, త్వరగా ఆరిపోకుండా గ్లిజరిన్ లాంటివి చేర్చి సీసాలో పోస్తారు. ఇంకు తయారీలో డబ్బు, నైపుణ్యం ఎక్కువగా పోయేది ఈ నూరడంలో, వడకట్టడంలో, రేణువులు నెలల తరబడి తేలుతూ ఉండేలా చూడడంలో. మన వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే ప్రింట్ హెడ్‌లో ఇంకు చిమ్మే నాజిల్ రంధ్రం అందులో మూడో వంతు కూడా ఉండదు. సరిగా నూరని నాలుగు రేణువులు ఉండకట్టి అందులో ఇరుక్కుంటే ఫోటోలో తెల్ల గీత మొదలవుతుంది.

ఈ ఇంకును ఎప్సన్ లాంటి పీజో హెడ్ ప్రింటర్లలో ఎందుకు వాడతారన్నదీ ఇక్కడే తేలిపోతుంది. పీజో హెడ్‌లో కరెంటు తగిలితే ఒక చిన్న పలక వంగి ఇంకు చుక్కను బయటకు నెడుతుంది, వేడి అవసరం లేదు. థర్మల్ హెడ్‌లో ఇంకును ఒక్క క్షణం మరిగించి, ఆ బుడగ తోపుతో చుక్కను తోస్తారు. వేడి తగిలితే మారిపోయే గుణమున్న రంగును అక్కడ మరిగిస్తే, దానికోసమే చేసిన హెడ్ కాకపోతే, లోపలే మాడి పేరుకునే ప్రమాదం ఉంది.

చిక్కదనం సంగతి కూడా ఉంది. ఎప్సన్ ఎల్130, ఎల్805 లాంటి టేబుల్ ప్రింటర్లకు పలచటి ఇంకు కావాలి. పెద్ద బట్టల ప్రింటింగ్ యంత్రాల్లో వాడే రికో, క్యోసెరా హెడ్‌లకు ఇంకా చిక్కటిది కావాలి. లీటరు సీసా చవగ్గా దొరికిందని అవి తెచ్చి చిన్న ప్రింటర్‌లో పోసి "ఈ కంపెనీది అస్సలు బాలేదు" అనేవాళ్ళున్నారు. ఆ ఇంకు దాని చోట బంగారం అయి ఉండొచ్చు.

నలుపు ఒక రంగు కాదు

ఇప్పుడు బెల్లం దగ్గరికి వద్దాం. సీసా మీద బ్లాక్ అని ఉంటుంది కానీ లోపల సాధారణంగా ఒక్క నల్ల డై ఉండదు. గోధుమ లేదా నారింజ, నీలం, ఎరుపు లాంటి రెండు మూడు డైలు కలిపి నలుపు చేస్తారు. ఒక్కో డై ఒక్కో వేడికి, ఒక్కో వేగంతో ఆవిరవుతుంది. అందులో ఒకటి వెనకబడితే మిగతావి ముందు ఎక్కేస్తాయి. నీలం వెనకబడిందా, నలుపు గోధుమరంగుకి జారుతుంది. ప్రెస్ ఎక్కువసేపు ఉంచినా, వేడి మరీ పెరిగినా కూడా లెక్క తప్పుతుంది, అప్పుడు గోధుమవైపు పోతుందా పచ్చవైపు పోతుందా అన్నది ఆ మిశ్రమాన్ని బట్టి ఉంటుంది.

అంటే గోధుమ నలుపు చూసి వెంటనే ఇంకును తిట్టలేం. ఒక ఉదాహరణ చూద్దాం. రెండు ఇంకులతో విడివిడిగా నల్ల గడులు నాలుగేసి తీసి, తెల్ల పాలిస్టర్ ముక్క మీద 200 డిగ్రీల దగ్గర ఒకదాన్ని 35 సెకన్లు, ఒకదాన్ని 45, ఒకదాన్ని 55, ఇంకోదాన్ని 70 సెకన్లు అదిమామనుకోండి. మొదటి ఇంకు 35 దగ్గర కొంచెం గోధుమగా ఉండి 45 నుంచి 70 దాకా నల్లగానే ఉంది. రెండో ఇంకు 55 దగ్గర మాత్రమే నల్లగా ఉంది, అటూ ఇటూ జారిపోయింది. డీలర్ షాపులో 55 సెకన్ల నమూనా చూపిస్తే రెండూ ఒకటే, రెండోది ఇంకా చిక్కగా కూడా కనిపించొచ్చు. కానీ మన ప్రెస్ పలక అన్ని చోట్లా ఒకే వేడి ఉండదు. మధ్యలో 200 చూపిస్తే అంచుల దగ్గర పది డిగ్రీలు తక్కువ ఉండడం చవక ప్రెస్‌లలో మామూలే. అప్పుడు మొదటి ఇంకు ఆ తేడాను మింగేస్తుంది, రెండోది మూల అక్షరాల్ని బెల్లం చేస్తుంది. నాకైతే ఇంకును కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద కనిపించలేదు: ఎంత నల్లగా వచ్చిందన్న దానికంటే, ఎంత తేడాను తట్టుకుని నల్లగా ఉందన్నది చూడటం.

నాలుగు గడులూ గోధుమగానే ఉంటే ఇంకునో, ప్రింటర్ సెట్టింగునో అనుమానించాలి. ఒక్కటైనా నల్లగా వస్తే ముందు ప్రెస్ వైపు చూడాలి.

తేలిగ్గా ఎక్కేది తేలిగ్గా దిగుతుంది

ఇక్కడ ఒక చిక్కుంది, అమ్మేవాళ్ళు దీని గురించి మాట్లాడరు. డిస్పర్స్ డైల్లో తక్కువ వేడికే ఆవిరయ్యేవి లో ఎనర్జీ రకం, వాటి అణువులు చిన్నవి. ఎక్కువ వేడి అడిగేవి హై ఎనర్జీ రకం. కాగితం మీంచి బట్టకు ఎక్కించే పనికి లో ఎనర్జీ రకమే సుఖం, త్వరగా, సమంగా ఎక్కుతుంది, బట్ట కూడా మాడదు. నేరుగా బట్ట మీదే ప్రింట్ చేసి తర్వాత గట్టిగా వేడి చేసే మిల్లుల్లో హై ఎనర్జీ రకం వాడతారు. మరి తక్కువ వేడికి లోపలికి పోయిన రంగు, మళ్ళీ వేడి తగిలితే బయటకూ వస్తుంది కదా! ప్రింట్ చేసిన టీషర్టు మీద తెల్ల పాలిస్టర్ గుడ్డ పెట్టి బాగా వేడిగా ఇస్త్రీ చేస్తే ఆ గుడ్డ మీదికి బొమ్మ నీడ దిగుతుంది. ఎంత దిగిందన్నది ఇంకుని బట్టి మారుతుంది. ప్రెస్ నుంచి తీసిన టీషర్టుల్ని వేడి వేడిగా దొంతర పెడితే కిందిదాని బొమ్మ పైదాని వీపుకి అంటడం కూడా ఈ గుణం వల్లే.

ఇలాంటి వాటిని కొలవడానికి ఐఎస్ఓ 105 అనే ప్రమాణాల వరుస ఉంది. అందులో సీ06 ఉతుక్కి, ఎక్స్12 రాపిడికి, ఎక్స్11 ఇస్త్రీ వేడికి, బీ02 వెలుతురికి. ఉతుక్కీ రాపిడికీ 1 నుంచి 5 వరకు మార్కులు, 5 మేలు. వెలుతురికి మాత్రం 1 నుంచి 8 వరకు, బ్లూ వూల్ స్కేల్ అంటారు, నీలం రంగేసిన ఉన్ని గుడ్డలతో పోల్చి చూస్తారు. ఒక్కో మెట్టూ కిందిదానికంటే దాదాపు రెండు మూడు రెట్లు వెలుతురును తట్టుకుంటుంది కాబట్టి 4కీ 6కీ తేడా రెండు మార్కులేగా అనుకోకూడదు. ఒక అమ్మకందారు "మా ఇంకు వెలవదు" అని ఊరుకుంటే అది మాట. "బీ02లో పసుపు ఇంత, మెజెంటా ఇంత" అని కాగితం ఇస్తే అది సమాచారం. నాలుగు రంగులకూ విడివిడిగా ఇచ్చారా అన్నదీ చూడాలి, ఎందుకంటే ఫోటో ఎప్పుడూ నాలుగు రంగులూ కలిసి వెలవదు. ఏది బలహీనమో అది ముందు పోతుంది, ముఖాలు పచ్చగానో నీలంగానో మిగులుతాయి.

పసిపిల్లల బట్టలు, ఒంటికి అంటుకునే ఆటల జెర్సీలు చేసేవాళ్ళకు ఇంకో ప్రశ్న ఉంటుంది. డిస్పర్స్ బ్లూ 106, డిస్పర్స్ బ్లూ 124 లాంటి కొన్ని డైలు చర్మానికి ఎలర్జీ తెస్తాయని బాగా తెలిసినవే. ఓకో-టెక్స్ వాళ్ళ ఎకో పాస్‌పోర్ట్ అనే సర్టిఫికెట్ ఇలాంటి హానికర పదార్థాల కోసం ఇంకును పరీక్షించి ఇచ్చేది. అది భద్రత గురించి చెబుతుంది, రంగు నిలుస్తుందని మాత్రం చెప్పదు. ఈ రెండూ కలిపేసి ప్రచారం చేసుకునేవాళ్ళు ఉన్నారు.

ముఖాలు ఎర్రబడితే తప్పు ఎవరిది

సబ్లిమేషన్ ప్రింటు కాగితం మీద పాలిపోయి, వెలిసిపోయినట్టు ఉంటుంది. ప్రెస్ అయ్యాకే అసలు రంగు విచ్చుకుంటుంది. కాబట్టి ఏ రంగు కావాలంటే కాగితం మీద ఎంత ఇంకు పడాలో ప్రింటర్‌కి ముందే చెప్పే ఒక ఫైలు ఉంటుంది, దాన్ని ఐసీసీ ప్రొఫైల్ అంటారు. అది ఒక ఇంకుకీ, ఒక కాగితానికీ, ఒక ప్రింటర్‌కీ, ఒక ఉపరితలానికీ కలిపి తయారైన లెక్క. ఇంకు మార్చి ప్రొఫైల్ పాతదే ఉంచితే, కొత్త ఇంకు ఎంత మంచిదైనా పెళ్ళి ఫోటోలో అమ్మాయి బుగ్గలు ఎర్రగా కాలినట్టు వస్తాయి. చామనఛాయ ముఖాల దగ్గర ఈ తేడా మరీ పట్టిస్తుంది, కొంచెం అటైతే ఇటుక రంగు, కొంచెం ఇటైతే పసుపు పూసినట్టు. అందుకే నేను ఇంకు నమూనా చూసేటప్పుడు పూలూ చిలకలూ ఉన్న బొమ్మలు పక్కన పడేసి, ఒక తాతగారి ముఖం, ఒక బూడిద రంగు పట్టీ ఉన్న ఫైలు మాత్రమే వేస్తాను. చిలక ఏ ఇంకులోనైనా బాగానే ఉంటుంది.

ఆరు రంగుల ప్రింటర్లలో లైట్ సయాన్, లైట్ మెజెంటా అని రెండు అదనం. అవి అదే రంగు పలచన చేసినవి కావాలి. వేర్వేరు డైలతో చేసిన సెట్ అయితే ముదురు నుంచి లేతకు వెళ్ళే చోట, అంటే సరిగ్గా చెంప దగ్గర, రంగు మెట్టులా విరుగుతుంది. ఒక కంపెనీ మెజెంటా, ఇంకో కంపెనీ లైట్ మెజెంటా పోస్తే కూడా ఇదే గతి. పైగా రెండు కంపెనీల చెదరగొట్టే రసాయనాలకు పొసగకపోతే ట్యాంకులోనే ఉండకట్టే ప్రమాదం ఉంది.

మగ్గు లెక్క

రెండు సీసాలు అనుకుందాం, రెండూ 100 మిల్లీలీటర్లే. ఒకటి 200 రూపాయలు, ఇంకోటి 700. ఒక మగ్గు బొమ్మకు దాదాపు 0.3 మిల్లీలీటరు ఇంకు పడుతుందనుకుంటే మొదటి ఇంకుతో మగ్గుకి 60 పైసలు, రెండోదానితో 2 రూపాయల 10 పైసలు. తేడా రూపాయిన్నర. యాభై మగ్గులకు 75 రూపాయలు మిగిలాయి. ఇప్పుడు ఖాళీ మగ్గు, కాగితం, కరెంటు కలిపి 75 రూపాయలు వేసుకుంటే, చవక ఇంకు యాభైలో ఒక్క మగ్గు అదనంగా పాడు చేసినా మిగిలింది పోయింది. రెండు పాడైతే ఖరీదైన ఇంకే చవక. ఇందులో నాజిల్స్ మూసుకుపోయి మూడుసార్లు హెడ్ క్లీనింగ్ కొడితే వేస్ట్ ప్యాడ్‌లోకి, అంటే వృథా ఇంకును పీల్చే మెత్తలోకి పోయే ఇంకు లెక్కలో లేదు, హెడ్ మార్చాల్సి వస్తే ఆ వేలు లెక్కలో లేవు.

కానీ లెక్క ఇంకోవైపు కూడా తిరుగుతుంది. చవక ఇంకు ఒక్క మగ్గూ పాడు చేయకపోతే? అలాంటివి లేకపోలేదు. నెలకు రెండు వేల మగ్గులు తీసే షాపుకి అక్కడే నెలకు 3,000 మిగులుతుంది.

రెండు వైపుల వాదన

ప్రింటర్ తయారీదారు సొంతంగా ఇచ్చే సబ్లిమేషన్ ఇంకు, అంటే ఎప్సన్ ష్యూర్‌కలర్ ఎఫ్ సిరీస్ లేదా సాగ్రాస్ లాంటివి వాడేవాళ్ళ మాట ఇది: ఇంకు, హెడ్, ప్రొఫైల్ మూడూ ఒకరి దగ్గర్నుంచే వచ్చాయి, ఏదైనా తేడా వస్తే ఒకరినే అడగొచ్చు, వారంటీ ఉంటుంది. ఇది నిజమే. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది, ఇంకో ఇంకు పోసే వీలూ పెద్దగా ఉండదు.

మామూలు ట్యాంక్ ప్రింటర్ కొని మొదటి రోజు నుంచే బయటి ఇంకు పోసేవాళ్ళ మాట ఇంకోటి. మొత్తం ప్రింటర్ ఖరీదే తక్కువ, ఇంకు తయారీలో పేరున్న కంపెనీలు చాలా ఉన్నాయి, కొరియా ఇంక్‌టెక్ వాళ్ళ సబ్లినోవా, అహ్మదాబాద్‌లోని స్ప్లాష్‌జెట్ లాంటివి, తయారీదారు ఇంకుతో సమానంగా నడుస్తాయి, వారంటీ పోతే పోయింది. ఇందులోనూ నిజముంది. కాకపోతే ఇక్కడ ప్రొఫైల్ తెచ్చుకునే బాధ్యత, తప్పెక్కడో వెతికే బాధ్యత మనదే అవుతుంది. రోజూ పది గంటలు ప్రింటర్ ఆడే షాపుకి ఇంకు పేరుకునే తీరికే ఉండదు, వాళ్ళకు చవక ఇంకు కూడా కుదురుతుంది. వారానికి రెండు మగ్గులు చేసే ఇంటి వ్యాపారానికి అదే ఇంకు నాజిల్స్ మూసేస్తుంది. ఇద్దరూ రాసే సమీక్షలు చదివితే రెండు వేర్వేరు ఇంకుల గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది, నిజానికి ఒకటే ఇంకు. నాకు ఎక్కువగా అబద్ధం అనిపించేది "ఇంపోర్టెడ్ ఇంకు" అన్న మాట. ఏ దేశం నుంచి, ఎవరు చేసింది, ఏ బ్యాచ్ అన్నది చెప్పలేకపోతే ఆ మాటకి విలువ లేదు.

రోహిణి కార్తెలో వచ్చిన పార్సిల్

చాలా సబ్లిమేషన్ ఇంకులకు తయారైన నాటి నుంచి ఏడాది, రెండేళ్ళ గడువు ఇస్తారు, మూత తీశాక అంతకంటే బాగా తక్కువ. గది చల్లగా ఉంటుందన్న లెక్క మీద ఇచ్చే గడువది. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీల ఎండలో వ్యాన్‌లో రెండు రోజులు తిరిగి, గోడౌన్ రేకుల కింద ఇంకో వారం ఉన్న సీసాకి ఆ గడువు ఎంత వర్తిస్తుందో ఆలోచించండి. వేడికి రేణువులు త్వరగా ఉండకడతాయి. అందుకే బాగా అమ్ముడయ్యే మామూలు ఇంకు, అల్మారాలో పడి ఉన్న గొప్ప ఇంకు కంటే చాలాసార్లు మేలు. డీలర్ దగ్గర సరుకు ఎంత త్వరగా తిరుగుతుందన్నది ఇంకు నాణ్యతలో సగం.

సీసా మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు ఉన్నాయా, ఏ హెడ్‌కి పనికొస్తుందో రాశారా, అడిగితే సేఫ్టీ డేటా షీట్ (ఇంకులోని రసాయనాల ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే కాగితం) ఇస్తారా అన్నవి చిన్న విషయాలే కానీ, అవి లేని సీసా ఎక్కడ నింపారో ఎవరికీ తెలియదు.

ఆ చవితి ఆర్డరులో రెండో సీసా గురించి నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. ప్రెస్ అదే, కాగితం అదే, సెకన్లు అవే. తర్వాతెప్పుడో దాన్ని పారేద్దామని తీస్తే, ధర స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. లాగితే కింద గడువు తేదీ కనిపించింది, నేను కొనేనాటికే దాటి ఏడు నెలలైంది. సీసాని తిరగేసి వెలుతురుకి పట్టుకుని చూశాను. అడుగున వేలెడు మందాన నీలిరంగు మడ్డి, అంగుళం కూడా జారలేదు. ఆ రోజు నేను ప్రింటర్‌లో పోసింది పైన తేట.